అమ్మ చీర ఏ రంగు? 256 రంగుల కంప్యూటర్ల కథ

వెనకాల హారన్ల మోత వినిపిస్తే ఏమీ అనుకోకండి. మన స్టూడియో ఆరాంఘర్ చౌరస్తాకి కూతవేటు దూరంలో ఉంది. మెహదీపట్నం నుంచి వచ్చే పీవీ ఎక్స్‌ప్రెస్‌వే దిగేది ఇక్కడే. జూపార్క్ నుంచి వచ్చే కొత్త ఫ్లైఓవర్ కూడా ఇక్కడికే. ముందుకు పోతే శంషాబాద్, ఎయిర్‌పోర్ట్. కిటికీ మూసినా ఇంతే, తెరిచినా ఇంతే. స్టూడియో అని పెద్దగా అంటున్నా గానీ, నిజానికి ఇది నా కంప్యూటర్ రిపేర్ షాపులో వెనక గది. మీకు కనిపిస్తున్న ఆ అలమరా నిండా చచ్చిపోయిన హార్డ్ డిస్కులే.

ఇవాళ్టి టాపిక్ రంగులు. చాలామంది కామెంట్స్‌లో అడుగుతున్నారు, "అన్నా, మా నాన్న కాలం నాటి కంప్యూటర్ ఫోటోలు తెరిస్తే మొహాల మీద చుక్కలు చుక్కలుగా ఉంటున్నాయి, ఆకాశం మెట్లు మెట్లుగా ఉంటోంది, ఫైల్ పాడైందా?" అని. ఫైల్ పాడవలేదు. అది అప్పట్లోనే అలా పుట్టింది. ఎందుకు అలా పుట్టిందో, అందులోంచి ఎంత వెనక్కి రాబట్టగలమో ఇవాళ చెప్తా. మధ్యలో ఒక చెల్లెలు నా దగ్గరికి తెచ్చిన సీడీ సంగతి కూడా ఉంది. వీడియో కొంచెం పెద్దదే, చాయ్ తెచ్చుకోండి.

ముందు మీ చేతిలో ఉన్న ఫోన్ సంగతి. దాంట్లో ఒక్కో పిక్సెల్‌కి ఎరుపు 256 మెట్లు, ఆకుపచ్చ 256 మెట్లు, నీలం 256 మెట్లు. మూడూ గుణించండి. 1,67,77,216. అంటే ఒక చిన్న చుక్క కోటీ అరవై ఏడు లక్షల పైచిలుకు రంగుల్లో దేన్నైనా చూపించడానికి రెడీగా ఉంటుంది. మనం దాన్ని అసలు పట్టించుకోం. కుళాయి తిప్పితే నీళ్లొచ్చినట్టు, ఫోటో తెరిస్తే రంగులొస్తాయి.

1981లో ఐబీఎం పర్సనల్ కంప్యూటర్ వచ్చినప్పుడు దాని కలర్ కార్డు పేరు సీజీఏ. గ్రాఫిక్స్ మోడ్‌లో తెర మీద ఒకేసారి నాలుగు రంగులు. ఆ నాలుగూ మనిష్టం అనుకుంటున్నారా? కాదు. ఎక్కువగా కనిపించే సెట్టు నలుపు, తెలుపు, ఒక లేత నీలం, ఒక ముదురు గులాబీ. ఇప్పుడు మీరే చెప్పండి, ఈ నాలుగింటితో మామిడిపండు ఎలా గీస్తారు? మనిషి మొహం ఎలా గీస్తారు? 1984లో ఈజీఏ వచ్చింది, 64 రంగుల్లోంచి 16 ఏరుకోవచ్చు. 1987లో వీజీఏ వచ్చింది, 2,62,144 రంగుల్లోంచి 256 ఏరుకోవచ్చు. స్కూల్ ల్యాబ్‌లో "ప్రిన్స్ ఆఫ్ పర్షియా" ఆడిన అన్నలు అక్కలు ఎవరైనా ఈ వీడియో చూస్తుంటే వాళ్లకు గుర్తుండే ఉంటుంది. అదే గేమ్ ఒక కంప్యూటర్‌లో గులాబీ నీలం బొమ్మలా, పక్క కంప్యూటర్‌లో అసలు సిసలు కోటలా కనిపించేది. గేమ్ అదే, లోపల కార్డు వేరు.

సరే, ఎందుకింత పిసినారితనం? అప్పటి మానిటర్లకి రంగులు చేతకాక అని చాలామంది అనుకుంటారు. వీజీఏ విషయంలో అది తప్పు. వీజీఏ మానిటర్‌కి వోల్టేజ్ ఎంత పంపితే అంత వెలుగు, 256 అనే లెక్కే ఆ గాజు గొట్టానికి తెలియదు. అడ్డుపడింది మెమొరీ. కార్డు మీద ఉండే మెమొరీ చిప్పులు ఖరీదు, అందుకే గోరంత పెట్టేవాళ్లు.

లెక్క వేద్దాం, భయపడకండి, ఐదో క్లాసు లెక్కే. సీజీఏ కార్డులో 16 కిలోబైట్లు. తెర అడ్డంగా 320, నిలువుగా 200 చుక్కలు. గుణిస్తే 64,000. నాలుగు రంగులంటే ఒక్కో చుక్కకి 2 బిట్లు చాలు, బైటుకి నాలుగు చుక్కలు పడతాయి. మొత్తం 16,000 బైట్లు. 16 కిలోబైట్లంటే 16,384. అతికినట్టు సరిపోయింది చూశారా? ఐదో రంగు కావాలంటే చోటు లేదు.

వీజీఏలో 256 కిలోబైట్లు ఉండేవి, అంటే 2,62,144 బైట్లు. 640 ఇంటూ 480 తెర మీద 3,07,200 చుక్కలు. 256 రంగులు కావాలంటే చుక్కకో బైటు, అంటే 3,07,200 బైట్లు. పట్టదు! అందుకే ఆ పెద్ద తెర మీద 16 రంగులే. 256 రంగులు కావాలంటే 320 ఇంటూ 200 చిన్న తెరకి దిగిపోవాలి. సన్నటి గీతలు కావాలా, రంగులు కావాలా, ఏదో ఒకటి తేల్చుకో అనేది ఆ కార్డు. మన ఫోన్ లెక్క కూడా చూడండి. 1080 ఇంటూ 2400 తెర, చుక్కకి నాలుగు బైట్లు వేసుకున్నా 1,03,68,000 బైట్లు. ఒక్క తెర బొమ్మ దాచుకోవడానికే పాత వీజీఏ కార్డులు దాదాపు 40 కావాలి.

ఇప్పుడు అసలు కిటుకు. చుక్కకి ఒక బైటే ఉంటే దాంట్లో రంగు దాచలేం, నంబర్ మాత్రమే దాచగలం. 0 నుంచి 255 వరకు ఒక నంబర్. ఆ నంబర్ అంటే ఏ రంగో వేరే పట్టికలో ఉంటుంది. పెయింట్ షాపులో షేడ్ కార్డు చూసే ఉంటారుగా? మేస్త్రీ గోడ మీద పెన్సిల్‌తో "47" అని రాసి పోతాడు. 47 అంటే ఏ రంగో తెలియాలంటే కార్డు చూడాలి. కంప్యూటర్‌లో ఆ కార్డు పేరే ప్యాలెట్. 2,62,144 రంగుల గోడౌన్ ఉంది, కానీ కార్డు మీద 256 గళ్లే ఉన్నాయి. ఏ 256 అతికించుకుంటావో నీ ఇష్టం.

ఇంతవరకూ బాగానే ఉంది. మరి ఒకే ఇంట్లో ఇద్దరు మేస్త్రీలు, ఇద్దరివీ వేర్వేరు కార్డులైతే? విండోస్ 3.1, విండోస్ 95 రోజుల్లో జరిగింది అదే. తెర మొత్తానికి కార్డు ఒక్కటే. అందులో 20 గళ్లు విండోస్ తనకోసం ఉంచుకునేది, బటన్లకి, మెనూలకి. మిగిలిన 236 ప్రోగ్రాములకి. మీరు ఏ విండో మీద క్లిక్ చేస్తే దానికి కావాల్సిన రంగులు ముందు అతికించేది. వెనకాల ఉన్న విండోకి మిగిలిందే దక్కేది. అందుకే ఒక సీడీలో బొమ్మ తెరవగానే వెనక వాల్‌పేపర్ మీద ఉన్న హీరో మొహం ఆకుపచ్చగా మారిపోయేది. తెర ఒక్కసారి మెరుపు మెరిసినట్టు అయ్యేది. "వైరస్ వచ్చింది" అని జనం భయపడేవాళ్లు. వైరస్ లేదు, ఏమీ లేదు, షేడ్ కార్డు మారింది అంతే. 

ఇంటర్నెట్ వచ్చాక గొడవ ఇంకా ముదిరింది. ఒకే పేజీలో పది బొమ్మలు, పదింటికీ పది కార్డులు, తెరకి ఒకటే కార్డు. అందుకని నెట్‌స్కేప్ లాంటి బ్రౌజర్లు ఒక రాజీ కుదిర్చాయి. ఎరుపుకి 6 మెట్లు, ఆకుపచ్చకి 6, నీలానికి 6. ఆరు ఆర్ల ముప్పై ఆరు, ముప్పై ఆరు ఆర్ల 216. ఏడేసి మెట్లు పెడదామంటే 343 అయిపోతుంది, 256 దాటిపోతుంది. 216 అయితే విండోస్ వదిలేసిన 236లో ఒదిగిపోతుంది. ఈ 216నే వెబ్ సేఫ్ రంగులు అన్నారు. మెట్టు మెట్టుకీ తేడా 51. అంటే 0, 51, 102, 153, 204, 255. అంతే. మధ్యలో ఏమీ లేదు.

వినడానికి న్యాయంగానే ఉంది కదా, అన్ని రంగులకీ సమాన వాటా. కానీ మన కళ్లతో చూడండి. ఆ 216లో సగానికి సగం కళ్లు మిరుమిట్లు గొలిపే రంగులు, ట్యూబ్‌లైట్ ఆకుపచ్చలు, జాతర గులాబీలు. ఫోటోలో అవి ఎక్కడుంటాయి? మన చామనఛాయ మొహాలకి దగ్గర్లో ఉన్నవి చేతివేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. 153-102-51 ఒకటి, దాని తర్వాతి మెట్టు 204-153-102. ఈ రెండింటి మధ్య ఎంత తేడా అంటే, ఒకటి ఎండలో నిలబడ్డ అన్న, ఇంకొకటి నీడలో నిలబడ్డ తమ్ముడు. బుగ్గ మీద వెలుగు మెల్లగా తగ్గుతూ పోవాల్సిన చోట రెండు ముక్కలుగా, మట్టి పూసినట్టు కనిపిస్తుంది.

ఒక తమాషా చెప్తా. ఈ 216లో బూడిద రంగులు ఎన్నో తెలుసా? నలుపు, తెలుపు కలుపుకొని ఆరే ఆరు. అదే బ్లాక్ అండ్ వైట్ ఫోటోకి సొంత కార్డు ఇచ్చి జిఫ్ ఫైల్‌గా దాచారనుకోండి, 256 గళ్లూ బూడిద రంగులకే వాడుకోవచ్చు, స్కానర్ ఇచ్చిన 256 మెట్లూ ఒక్కటి కూడా పోకుండా ఉండిపోతాయి. అందుకే కొన్ని ఇళ్లల్లో తాతమ్మ బ్లాక్ అండ్ వైట్ ఫోటో స్కాన్ అద్భుతంగా ఉంటుంది, దాని తర్వాత ముప్పై ఏళ్లకి తీసిన కలర్ ఫోటో స్కాన్ ఘోరంగా ఉంటుంది. 

జిఫ్ అన్నాను కదా. 1987లో కంప్యూసర్వ్ అనే అమెరికా కంపెనీలో స్టీవ్ విల్‌హైట్ బృందం చేసిన ఫార్మాట్ అది. బొమ్మకి గరిష్ఠంగా 256 రంగులు. ఈ రోజుకీ అంతే, మారలేదు. మీరు వాట్సాప్‌లో పంపే "జిఫ్"లు మాత్రం పేరుకే జిఫ్, లోపల వెళ్లేది చిన్న వీడియో. అదో పెద్ద కథ, వదిలేద్దాం.

తెలివైనవాళ్లు ఊరుకుంటారా? రెండు దారులు కనిపెట్టారు. మొదటిది, బొమ్మని బట్టి కార్డు తయారు చేయడం. పెళ్లి ఫోటో అయితే పసుపులకి, ఎరుపులకి ఎక్కువ గళ్లు ఇయ్యి, పొలం ఫోటో అయితే ఆకుపచ్చలకి ఇయ్యి. దీనికి పాల్ హెక్‌బర్ట్ 1982లో ప్రచురించిన "మీడియన్ కట్" పద్ధతి బాగా పేరు పొందింది. బొమ్మలో ఉన్న రంగులన్నీ ఒక డబ్బాలో పోసి, జనాభా సమానంగా ఉండేలా డబ్బాని రెండుగా కోస్తూ, మళ్లీ కోస్తూ, 256 డబ్బాలు అయ్యేదాకా పోవడమే. ఎక్కడ జనం ఎక్కువ ఉంటే అక్కడ డబ్బాలు ఎక్కువ. 

రెండో దారి నాకు చాలా ఇష్టం. దాని పేరు డిథరింగ్. 1976లో రాబర్ట్ ఫ్లాయిడ్, లూయిస్ స్టైన్‌బర్గ్ అని ఇద్దరు ఒక పద్ధతి ప్రచురించారు. ఆర్టీసీ బస్సులో చిల్లర లేకపోతే కండక్టర్ ఏం చేస్తాడు? టికెట్ వెనకాల "8 రూ." అని రాసిస్తాడు, దిగేటప్పుడు తీసుకో అంటాడు. లెక్క మాత్రం పోదు. అట్లనే, ఒక పిక్సెల్‌కి కావాల్సిన రంగు కార్డులో లేదు. దగ్గర్లో ఉన్నది వేస్తాడు, కొంచెం ఎక్కువో తక్కువో అవుతుంది. ఆ బాకీని పారేయడు. పదహారు భాగాలు చేసి, 7 భాగాలు కుడిపక్క చుక్కకి, 3 భాగాలు కింద ఎడమకి, 5 భాగాలు సరిగ్గా కిందికి, 1 భాగం కింద కుడికి రాసిస్తాడు. వాళ్ల వంతు వచ్చినప్పుడు ఆ బాకీ కలుపుకొని రంగు ఎంచుకుంటారు. ఒక చుక్క ముదురైతే పక్క చుక్క లేతవుతుంది. దగ్గరగా చూస్తే చుక్కల గోల, చెయ్యంత దూరం నుంచి చూస్తే అసలు రంగు.

ఇది మన నేతగాళ్లకి కొత్త కాదు. పడుగు ఒక రంగు, పేక ఇంకో రంగు వేసి నేసిన డబుల్ షేడ్ చీర చూడండి, కంటికి మూడో రంగు కనిపిస్తుంది. ఆ మూడో రంగు దారం మగ్గం మీద ఎక్కడా ఉండదు.

ఇక్కడ ఒక ముఖ్యమైన మాట. తెర మీద రంగులు తగ్గడం వేరు, ఫైల్‌లో రంగులు తగ్గడం వేరు. ఈ తేడా మన రోడ్డు మీదే ఉంది. ఆరాంఘర్ నుంచి బెంగళూరు హైవే పట్టుకొని శంషాబాద్ దాటి పోతే షాద్‌నగర్ వస్తుంది. అక్కడ 1979 నుంచి ఉపగ్రహాల బొమ్మలు అందుకునే కేంద్రం ఉంది. బాలానగర్‌లో ఉన్న నేషనల్ రిమోట్ సెన్సింగ్ సంస్థది, ఇప్పుడు ఎన్‌ఆర్‌ఎస్‌సీ అంటున్నాం. 1988 మార్చిలో ఐఆర్‌ఎస్-1ఏ ఎగిరింది, మన మొదటి ఆపరేషనల్ రిమోట్ సెన్సింగ్ ఉపగ్రహం. దాని కెమెరా నాలుగు రకాల వెలుగుల్లో నేలని కొలిచేది. అందులో ఒకటి మన కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్. తెర మీద చూపించేటప్పుడు ఇన్‌ఫ్రారెడ్‌ని ఎరుపుగా వేస్తారు, అందుకే ఆ బొమ్మల్లో వరి చేలు ఎర్రగా, లోతైన చెరువులు నల్లగా, బురద నీళ్లు లేత నీలంగా ఉంటాయి. గుర్రపుడెక్క కమ్మేసిన చెరువైతే అదీ ఎర్రగానే ఉంటుంది.

256 రంగుల పీసీ మీద ఆ బొమ్మ చూడాలంటే? అప్పట్లో కాలేజీల్లో బాగా వాడిన ఇద్రిసి అనే సాఫ్ట్‌వేర్ చేసింది ఏంటో తెలుసా, మూడు బ్యాండ్లనీ ఆరేసి మెట్లకి కుదించి 216 రంగుల బొమ్మ తయారు చేసేది. మళ్లీ అదే ఆరు ఆర్లు! ఆ బొమ్మలో చెరువు అంచు దగ్గర తడి మట్టి ఎక్కడ అయిపోయింది, లోతు తక్కువ నీళ్లు ఎక్కడ మొదలయ్యాయి అన్నది కలిసిపోవచ్చు. కానీ కొంప మునగలేదు. ఎందుకంటే కొలిచిన నంబర్లు వేరే ఫైళ్లలో పూర్తిగా అలాగే ఉన్నాయి. తెర పేదది, ఫైల్ పేదది కాదు. ఆ డేటానే ఇవాళ మంచి తెర మీద తెరిస్తే, అప్పుడు చెరువు ఎంత మేర ఉందో అప్పటికన్నా బాగా కనిపిస్తుంది. చెరువుల హద్దుల గురించి గొడవలు మనకి కొత్త కాదు కదా, పాత శాటిలైట్ బొమ్మ విలువ ఏంటో ఈ ఏరియా వాళ్లకి చెప్పక్కర్లేదు.

ఇళ్లల్లో జరిగింది దీనికి ఉల్టా. మనవాళ్లు నంబర్లు దాచలేదు, తెర మీద కనిపించిన బొమ్మని దాచారు.

ఇప్పుడు ఆ చెల్లెలి సంగతి. కాటేదాన్ వైపు నుంచి వచ్చింది. 2020 అక్టోబర్ వానలు గుర్తున్నాయిగా, గగన్‌పహాడ్ దగ్గర అప్పా చెరువు తెగి నీళ్లు హైవే మీదికి వచ్చిన రోజులు. ఆ వానల్లో వీళ్ల ఇంట్లోకి కూడా నీళ్లొచ్చాయి. అలమరా కింది అరలో ఉన్న ఆల్బమ్‌లు తడిసి ఫోటోలు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. విడదీస్తే రంగు పొర ఊడొచ్చింది. మిగిలింది ఒక సీడీ. వాళ్ల నాన్న 1999లో సౌదీలో పనిచేసేటప్పుడు, ఇంటి ఫోటోలు ఒక నెట్ సెంటర్‌లో స్కాన్ చేయించి ఆయనకి ఈమెయిల్ పంపేవాళ్లట. ఆ ఫైళ్లని వాళ్ల అన్న తర్వాత సీడీలో రాసిపెట్టాడు. మొత్తం 11 ఫోటోలు. అన్నీ జిఫ్‌లే, అన్నీ 216 రంగుల కార్డుతోనే. డయల్-అప్ మీద త్వరగా పోవాలి, అక్కడి కంప్యూటర్‌లో తెరుచుకోవాలి, ఆ రోజుకి అది సరైన పనే.

"అన్నా, అమ్మ చీర ఏ రంగో చూసి చెప్పు" అంది. అమ్మ లేదు ఇప్పుడు. ఈ చెల్లెలి కూతురికి ఓణీల ఫంక్షన్ ఉంది, ఆ రోజు అమ్మ కట్టుకున్న లాంటి రంగు చీర కట్టుకోవాలని ఈమె కోరిక. పిన్ని పెళ్లిలో కట్టిన చీర అది. పిన్నిని అడిగితే వంకాయ రంగు అందట. మేనమామ కాదు కాదు, నీలం కలిసిన బూడిద రంగు అన్నాడట. నాన్నని అడిగితే, "నాకేం గుర్తు బిడ్డా, మంచిగుండె" అన్నాడట. 

ఆ చీర రెండు ఫోటోల్లో ఉంది. మొదటిది తెరిచా. చీర మొత్తం ఒకే రంగు ముద్ద, 102-51-102. డిథరింగ్ లేదు. దగ్గర్లో ఉన్న గడిలోకి తోసేసి బాకీ చించిపారేశారు. ఇప్పుడు ఆ గడి అంటే ఏంటో ఆలోచించండి. మెట్టుకి మెట్టుకి 51 తేడా కాబట్టి, ఎరుపు 77 నుంచి 127 మధ్య ఏదైనా, ఆకుపచ్చ 26 నుంచి 76, నీలం మళ్లీ 77 నుంచి 127, ఇవన్నీ ఆ గడిలోకే వస్తాయి. 127-26-77 వేసి చూపించా ఆమెకి, అది కోసిన బీట్‌రూట్. 77-76-127 వేసి చూపించా, అది వాన మబ్బు నీలం. ఆ గడిలో పిన్నీ ఉంది, మేనమామా ఉన్నాడు. ఈ ఫోటో ఎవరి పక్షమూ తీసుకోదు. ఏ యాప్ తెచ్చినా, ఏ ఏఐ తెచ్చినా అంతే. 

రెండో ఫోటో ఎవరో వేరే రోజు, వేరే సెట్టింగ్‌తో స్కాన్ చేసినట్టుంది. చూడటానికి ఇది ఇంకా ఘోరంగా ఉంది, అమ్మ మొహం నిండా చుక్కలు. చెల్లెలు దాన్ని అసలు లెక్కలోకే తీసుకోలేదు, "అది ఖరాబైంది అన్నా" అంది. నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది. చుక్కలున్నాయి అంటే డిథరింగ్ ఉంది. డిథరింగ్ ఉంది అంటే కండక్టర్ బాకీలన్నీ టికెట్ల వెనకాల ఉన్నాయి!

భుజం దగ్గర వెలుగు సమానంగా పడిన చోట 40 ఇంటూ 40 ముక్క తీసుకున్నా, 1,600 చుక్కలు. ఎరుపుల సగటు, ఆకుపచ్చల సగటు, నీలాల సగటు తీశా. 92-40-88 వచ్చింది. ఆ సగటు రంగు కార్డులో లేదు, ఒక్క పిక్సెల్‌లో కూడా లేదు. కానీ స్కానర్ చూసిన రంగుకి అది చాలా దగ్గర.

ఇక్కడితో అయిపోలేదు. స్కానర్ చూసింది చీరని కాదు, ఫోటో కాగితాన్ని. కాగితం పసుపెక్కి ఉండొచ్చు, పెళ్లి పందిట్లో బల్బులు పచ్చటివి అయ్యుండొచ్చు. ఏదైనా తెల్లటి వస్తువు దొరికితే తెలుస్తుంది. అమ్మ జడలో మల్లెపూలు ఉన్నాయి. మల్లెపూల సగటు తీస్తే 240-228-196. మల్లెపూలు అంత పచ్చగా ఉండవు కదా, నీలం తగ్గిపోయింది. మూడూ 240కి సమానం అయ్యేలా లెక్క సరిచేసి, అదే లెక్క చీరకి వేస్తే 92-42-108. తెర నిండా ఆ రంగు వేసి చూపించా. వంకాయ. తాజా, నిగనిగలాడే, గుత్తివంకాయ రంగు. ఆమె ఫోన్ తీసి అక్కడికక్కడే పిన్నికి వీడియో కాల్ చేసింది. పిన్ని ఏమందో చెప్పను, కొంచెం గట్టిగానే అంది, మేనమామ గురించి.

నూటికి నూరు శాతం అదే అని నేను అనను, ఆమెకీ అదే చెప్పా. మల్లెపూలు సాయంత్రానికి కొంచెం వాడి ఉండొచ్చు. కానీ మేనమామ చెప్పిన నీలం బూడిద మాత్రం ఈ లెక్కలో రాదు. మదీనా వైపు షాపులకి పోతా అంది. ఫోన్‌లో ఆ రంగు ముక్క వేసిచ్చి రెండు జాగ్రత్తలు చెప్పా, మీకూ చెప్తున్నా. ఫోన్‌లో రీడింగ్ మోడ్, నైట్ లైట్ లాంటివి ఆపేయండి, అవి తెరని పచ్చగా చేస్తాయి. చీరని షాపు లైట్ కింద కాదు, గుమ్మం దగ్గరికి తెచ్చి పగటి వెలుగులో పెట్టి చూడండి.

"అన్నా, ఏఐ యాప్‌లో వేస్తే క్షణంలో రంగులొచ్చేస్తాయి కదా" అంటారు. వేశా, ఊరుకుంటానా. ఆ మొదటి ఫోటో ఇస్తే చీరని మంచి మెరూన్ చేసి, జరీ అంచు కూడా పెట్టింది. చాలా బాగుంది. కానీ ఆ మెరూన్ ఎక్కడి నుంచి వచ్చింది? అది చూసిన వేల వేల పెళ్లి ఫోటోల నుంచి. వాళ్లమ్మ చీర నుంచి కాదు. మొహం మీద చుక్కలు తీసేయడానికి వాడుకోండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ ఒరిజినల్ పక్కన పెట్టుకొని వాడండి.

మీ ఇంట్లో ఇలాంటి ఫైళ్లుంటే, దయచేసి వాటిని తెరిచి జేపెగ్‌గా మళ్లీ సేవ్ చేయకండి. వాట్సాప్‌లో ఫోటోగా పంపకండి, డాక్యుమెంట్‌గా పంపండి. ఫోటోగా పంపితే అది మళ్లీ కుదిస్తుంది, ఆ చుక్కలన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసి మసకబారతాయి. చుక్కలు చెత్త అనుకుంటాం, లెక్కంతా వాటిలోనే ఉంది.

చివరగా మీ ఫోన్ గురించి ఒక మాట. 2,62,144 అన్న నంబర్ చెప్పా కదా, వీజీఏ గోడౌన్? రంగుకి 64 మెట్ల చొప్పున వచ్చే లెక్క అది. ఇప్పటి చౌక ఎల్‌సీడీ తెరల్లో కొన్ని ఈ రోజుకీ రంగుకి 64 మెట్లే చూపగలవు. మిగతా మెట్ల కోసం ఏం చేస్తాయంటే, ఒక ఫ్రేమ్‌లో కొంచెం ముదురు, తర్వాతి ఫ్రేమ్‌లో కొంచెం లేత, ఇలా గబగబా మార్చి మీ కంటిని నమ్మిస్తాయి. డిథరింగే, కాకపోతే పక్క చుక్కకి బదులు తర్వాతి క్షణానికి బాకీ. పరీక్షించాలంటే సాయంత్రం హిమాయత్‌సాగర్ కట్ట మీద తీసిన ఆకాశం ఫోటో ఏదైనా తెరిచి, బ్రైట్‌నెస్ తగ్గించి, నీలం నారింజగా మారే చోట చూడండి. మెట్లు కనిపిస్తే ఫోన్ మోడల్, తెర ఏ రకమో కామెంట్‌లో రాయండి. ఎల్‌సీడీనా, అమోలెడ్‌నా అన్నది కూడా రాయండి, రెండింటికీ కారణాలు వేరు.

వచ్చే ఎపిసోడ్‌లో ఫ్లాపీలు. నా దగ్గర మూడు డ్రైవ్‌లు ఉన్నాయి, ఒక్కటి మాత్రం ఇంకా పని చేస్తోంది. ఇంట్లో ఫ్లాపీలుంటే అప్పటిదాకా ఎండ తగలని చోట పెట్టండి, స్పీకర్ పక్కన మాత్రం పెట్టకండి. ఉంటా మరి.